పాత కారులో మధ్య సీటు

మా కారు పేరుతోనే కొత్త కారు వచ్చిందని మొదట చెప్పింది మా అల్లుడు. ఆయన గుడ్లవల్లేరులో ఇంజినీరింగ్ పిల్లలకి పాఠాలు చెప్తాడు, కాపురం గుడివాడలో. ఒక ఆదివారం మా అమ్మాయితో బందరు వచ్చి, భోజనాలయ్యాక ఫోనులో బొమ్మ చూపించాడు.

"మీ కారే మావయ్యగారూ. మొత్తం మార్చేశారు. పాతదానికీ దీనికీ పోలికే లేదు."

చూశాను. పేరొక్కటే మాది. వెనక దీపాలు ఈ చివర నుంచి ఆ చివరదాకా ఒకటే గీత. పైకప్పు వెనక్కి వచ్చేసరికి జారుడుబల్లలా వాలిపోయింది. పన్నెండేళ్ళు మేము నడిపిన బండి పేరు తీసి ఇంకో బండికి పెట్టేటప్పుడు మమ్మల్ని ఒక్క మాట అడగాలని వాళ్ళకి తోచలేదు.

"పోలిక లేనప్పుడు అదే పేరెందుకు పెట్టారు?" అన్నాను.

"దానికీ ఒక ఉత్తరం రాయండి" అంది మా ఆవిడ, గిన్నెలు సర్దుతూ.

ఆ కంపెనీకీ నాకూ మొదటి నుంచీ పడదు. ఎందుకు పడదో చెప్పాలి.

కారు తెచ్చుకున్న రోజు విజయవాడ షోరూములో మా ఆవిడ, మా అమ్మాయి, మా అక్క నా పక్కనే ఉన్నారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, బూట్లు తొడుక్కుని వెళ్ళాను. తాళం ఇవ్వాల్సినాయన నా భుజం మీద నుంచి వెనక్కి చూస్తూ, "ఓనరుగారు ఇంకా రాలేదా అండీ?" అన్నాడు. ఓనర్ని నేనేనని చెప్పాను. "సారీ అండీ, మీరు డ్రైవరనుకున్నాను" అన్నాడు. సారీ చెప్పాడుగా అంటుంది మా ఆవిడ ఇప్పటికీ. చెప్పాడు, నిజమే. కానీ ఫొటో తీసేటప్పుడు, ఫొటో కోసమే ఇచ్చే పెద్ద అట్ట తాళం నా చేతిలో కాక మా అమ్మాయి చేతిలో పెట్టాడు. ఆ ఫొటోలో నేను చివరన, సగం చెయ్యి లేకుండా ఉంటాను. ఆ రోజు నుంచి ఆ కంపెనీ సర్వీసు సెంటరు గడప తొక్కలేదు. ఉచితంగా చేస్తామన్న సర్వీసులు కూడా వదులుకుని, బందరులో తెలిసిన మెకానిక్ దగ్గరే పన్నెండేళ్ళూ చేయించుకున్నాను.

కొన్న వారంలోనే గుడివాడలో సీటు కవర్లు కుట్టించాం. అందరూ కుట్టిస్తారు. కంపెనీ ఇచ్చిన సీటు మీద అలాగే కూర్చోవడానికి మనవాళ్ళకి మనసొప్పదు. అది మాసిపోకుండా పైన ఇంకొకటి వేసి, అది మాసిపోకుండా దాని మీద తువ్వాలు పరిచి కూర్చుంటాం.

మా అక్క నాకన్నా ఆరేళ్ళు పెద్దది. నాగాయలంక వైపు పల్లెల్లో ముప్ఫై ఏళ్ళు ఎలిమెంటరీ స్కూల్లో చెప్పింది. బావ పోయాక, ఉద్యోగం అయిపోయాక, మా ఇంటికి వచ్చేసింది. దివిసీమలో ఆవిడ ఎక్కని బస్సు లేదు, కూర్చోని బస్టాండు లేదు. మా కారు కొన్నప్పుడు అందరికన్నా ఎక్కువ సంతోషపడింది ఆవిడే. ఎడమ కిటికీ దగ్గర కూర్చుని, చల్లపల్లి దాటిందగ్గర నుంచీ, ఇదిగో ఇక్కడ పనిచేసినప్పుడు ఫలానావాళ్ళ ఇంట్లో అద్దెకున్నాం, అదిగో ఆ లంకలోకి పడవ మీద వెళ్ళేదాన్ని అని చెప్తూ ఉండేది.

అమ్మాయి పెళ్ళయ్యాక కారులో చోట్లు మారాయి. కొత్త అల్లుడిని ముందు సీట్లో కాక ఎక్కడ కూర్చోబెడతాం? అప్పటిదాకా ముందు కూర్చునే మా ఆవిడ వెనక్కి వచ్చింది. ఆవిడకి గాలి తగలకపోతే వాంతులవుతాయి, కిటికీ కావాలి. అమ్మాయికి అప్పుడు ఐదో నెల, తనకీ కిటికీ కావాలి. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఒకరోజు అందరికన్నా ముందు మా అక్క ఎక్కి, మధ్యలోకి జరిగి, కాళ్ళు దగ్గరికి పెట్టుకుని కూర్చుంది. అంతే, అప్పటి నుంచీ అది ఆవిడ చోటయింది.

మూడేళ్ళ క్రితం కోతలైన రోజుల్లో అవనిగడ్డలో పెళ్ళికి వెళ్ళి మధ్యాహ్నం తిరిగి వస్తున్నాం. చల్లపల్లి ఇంకా రాలేదు. ఆ రోజుల్లో మా వైపు రోడ్డులో సగం బండ్లకి, సగం ధాన్యానికి. ఎండబెట్టిన ధాన్యం చుట్టూ రాళ్ళు వరసగా పెడతారు. ముందు వెళ్తున్న ఆటో రాళ్ళని తప్పించుకోబోయి ఒక్కసారిగా మా దారిలోకి వచ్చింది. బ్రేకు తొక్కాను. కారు ఆగింది. వెనక నుంచి మా అక్క రెండు సీట్ల సందులోంచి ముందుకి వచ్చి గేరు రాడ్డు మీద పడింది.

అందరం కేకలు పెడుతుంటే ఆవిడ అడిగిన మొదటి మాట, "ధాన్యం మీదికి ఎక్కించలేదు కదరా?"

ఎడమ చేతి మణికట్టు విరిగింది. కనుబొమ మీద మూడు కుట్లు పడ్డాయి. ఆరు వారాలు కట్టు. ఎముక అతుక్కుంది గానీ చెయ్యి మునుపటిలా తిరగదు. ఇప్పటికీ తడి బట్ట పిండలేదు.

కట్టు విప్పిన నెలకి మనవడి అన్నప్రాసనకి గుడివాడ బయల్దేరాం. కారు తుడిచి వీధిలో పెట్టాను. మా అక్క చెప్పులు వేసుకుని, చేతిసంచీ తీసుకుని బయటికి వచ్చింది. కారు దాకా వచ్చింది. తలుపు తీసి పట్టుకున్నాను.

"నేను రాన్లేరా. మీరు పదండి. నేను బస్సులో వస్తాను."

"అదేంటక్కా? బస్సులో ఎందుకు?"

"బస్సులో పట్టుకోడానికి కడ్డీ అన్నా ఉంటుంది" అని బస్టాండు వైపు నడిచింది.

నన్ను ఏమీ అనలేదు. అననందుకే నాకు గుచ్చుకుంది. ఆ తర్వాత మూడేళ్ళు ఇదే వరస. ఒకే ఇంటి నుంచి, ఒకే ఫంక్షనుకి, మేం కారులో, ఆవిడ బస్సులో. గుడివాడ వెళ్ళాల్సి వస్తే ఒక్కోసారి రైలెక్కి, మాకన్నా ముందే వెళ్ళి కూర్చునేది. మోపిదేవిలో ఒక పెళ్ళిలో మా ఆవిడ తరఫు బంధువొకాయన పదిమందిలో అడిగాడు, "అక్కగారిని బస్సులో పంపించి మీరు ఏసీ కారులో వచ్చారేంటి బావా?" ఆయన ఏ రంగు చొక్కా వేసుకుని, ఏ కుర్చీలో కూర్చుని అడిగాడో కూడా నాకు గుర్తుంది.

నాకు కావలసింది ఒక్కటే. మా అక్క మళ్ళీ మా కారు ఎక్కాలి. ఎక్కాలంటే ఆ దెబ్బకి బాధ్యులెవరో తేలాలి అనుకున్నాను. కోర్టులో పనిచేసి రిటైరైన వాణ్ణి, నాకు తెలిసిన దారి అదే. దెబ్బ తగిలిన మర్నాడే ధాన్యం పోసిన రైతును అడగడానికి వెళ్ళాను. భార్యాభర్తలిద్దరూ చెక్కపార పట్టుకుని ధాన్యం తిరగేస్తున్నారు. నేనెవరో చెప్పగానే ఆయన పార కింద పడేసి, "అమ్మగారికి ఎలా ఉందండీ?" అన్నాడు. ఆమె గబగబా ఇంట్లోకి వెళ్ళి టీ తెచ్చింది. "ఆరబెట్టడానికి మాకు చోటెక్కడుందండీ" అన్నాడాయన. నేను అనవలసిన మాట ఒక్కటీ అనలేకపోయాను. ఆటో ఆయన ఎవరో తెలియదు. కోపం ఎక్కడో ఒకచోట నిలబడాలి. తిరిగి తిరిగి కంపెనీ మీద నిలబడింది.

మధ్య సీటుకి బెల్టు లేకపోవడం వల్లనే మా అక్కగారికి గాయమైందని రాశాను. వాళ్ళు జవాబిచ్చారు. మీ మోడలులో వెనక మధ్య సీటుకి నడుము బెల్టు ఉంది, కారుతో ఇచ్చిన పుస్తకం చూడండి అని. పుస్తకం తీసి చూశాను. బొమ్మలో ఉంది. కారు దగ్గరికి వెళ్ళి చూశాను. సీటు మీద లేదు. పుస్తకంలో బొమ్మ వేసి బండిలో పెట్టకపోవడాన్ని ఏమంటారని రెండో ఉత్తరం రాశాను. దగ్గర్లో ఉన్న సర్వీసు సెంటరుకి తీసుకురండి, చూస్తాం అన్నారు. నాకు మర్యాద జరగని చోటికి నేను రాను, మీ మనిషినే పంపించండని మూడోది. మనిషిని పంపే పద్ధతి లేదన్నారు. నాలుగో దానికి జవాబు రాలేదు.

ప్రతి ఉత్తరం పోస్టు చేసేముందు మా అక్కకి చదివి వినిపించేవాణ్ణి. ఇంగ్లీషులో చదివి, తెలుగులో చెప్పేవాణ్ణి. ఆవిడ మంచం మీద కూర్చుని కళ్ళజోడు తీసేసి వినేది. మొదటి ఉత్తరంలో ఒక్క తప్పు పట్టింది.

"కుడి చెయ్యి అని రాశావేంట్రా? విరిగింది ఎడమది కదా."

దిద్దాను. రెండో ఉత్తరం విని, "మళ్ళీ ఒకసారి చదువు" అంది. మళ్ళీ చదివాను. బెల్టు గురించి మాత్రం ఎప్పుడూ ఒక్క మాట అనలేదు.

అల్లుడు కొత్త కారు బొమ్మ చూపించిన రెండు వారాలకి గుడివాడ వెళ్ళాం. అక్కడ ఈ మధ్యనే షోరూము తెరిచారు. విజయవాడవాళ్ళది కాదు, వేరేవాళ్ళది, అందుకే వెళ్ళాను. మా అక్క ఆ పొద్దున్నే బస్సులో వచ్చి అమ్మాయి ఇంట్లో ఉంది. నేను, మా ఆవిడ, అల్లుడు వెళ్ళాం. మా పాత కారుని తీసుకెళ్ళి కొత్తదాని పక్కనే పెట్టించాను. జేబులో టేపు ఉంది.

చూపించడానికి వచ్చినామె మాటకారి. "సార్, టేపు దేనికండీ? కొలతలన్నీ ఈ కాగితంలో ఉన్నాయిగా" అంది.

"కాగితంలో ఉన్నవన్నీ బండిలో ఉండవమ్మా. నాకు అనుభవం" అన్నాను.

అన్యాయం చెప్పకూడదు. కొత్తదాంట్లో బాగున్నవి చాలానే ఉన్నాయి. మా కారు తలుపు వెయ్యాలంటే దబ్బున గుంజాలి, వీధంతా వినబడుతుంది. కొత్తది చేత్తో తోస్తే మెత్తగా అంటుకుంది. ఇంజను తిరుగుతోందో లేదో చెవికి తెలియదు. వెనక కూర్చున్నవాళ్ళకి ఏసీ గాలి విడిగా వస్తుంది. వెనక్కి తీసేటప్పుడు కెమెరా దారి చూపిస్తుంది. మాదానికి రెండు ఎయిర్‌బ్యాగులు, దీనికి ఆరు. డిక్కీ కూడా కాగితం ప్రకారం మాదానికన్నా పెద్దది.

డిక్కీ పెద్దదే గానీ మూతి ఇరుకు. మాదాంట్లో రెండు బియ్యం బస్తాలు పడుకోబెట్టి తోసేస్తే లోపలికి పోయేవి. దీనికి అంచు ఎత్తు. బస్తాని నడుము దాకా ఎత్తి లోపలికి దించాలి. స్టెప్నీ చూస్తే మిగతా నాలుగు చక్రాల కన్నా సన్నంగా ఉంది. "అది తాత్కాలికంగా వాడుకోడానికండీ" అంది. ముందు భాగం మాదానికన్నా రెండు వేళ్ళు నేలకి దగ్గరగా ఉంది. కాలవ గట్టు మీద నుంచి చేల డొంకల్లోకి దిగే మా దారులకి ఆ రెండు వేళ్ళూ చిన్న విషయం కాదు. మా కారులో కూర్చోవడమంటే కుర్చీలో కూర్చున్నట్టు. దీంట్లో పీట మీద చతికిలబడ్డట్టు ఉంది. మా ఆవిడ కూర్చోబోయి తల తగిలించుకుంది. లేవడానికి అల్లుడి చెయ్యి అందుకుంది.

అన్నిటికన్నా నాకు నచ్చనిది ఆ తెర. మా కారులో ఏసీకి మూడు గుండ్రటి మరలుంటాయి. రోడ్డు మీద నుంచి కళ్ళు తియ్యకుండా, ఏది ఎంత తిప్పాలో చేతికే తెలుసు. దీంట్లో గాలి తగ్గించాలన్నా తెర మీద బొమ్మ వెతికి నొక్కాలి.

"పెడన రోడ్డు మీద కళ్ళు పక్కకి తిప్పితే గేదెలు ఊరుకుంటాయా?" అని అడిగాను.

"మాట చెప్తే అదే చేస్తుందండీ. కారుతో మాట్లాడొచ్చు" అంది.

"ఆయనతో మాట్లాడటానికి కారు ఒప్పుకోవాలి కదమ్మా" అంది మా ఆవిడ. అల్లుడు మొహం పక్కకి తిప్పుకున్నాడు.

చివరికి వెనక సీటు మధ్యలో కూర్చున్నాను. నేను వచ్చిందే దానికోసం. నేల మధ్యలో గట్టులా ఎత్తుగా ఉంటుందే, అది మా కారులో నాలుగు వేళ్ళ ఎత్తు. కొత్తదాంట్లో జానెడుంది. వెనకవాళ్ళకి గాలొచ్చే పెట్టె కూడా సరిగ్గా మోకాళ్ళకి ఎదురుగా పొడుచుకొచ్చింది. కాళ్ళు చెరో పక్కనా పెట్టుకోవాలి, పెట్టుకుంటే పక్కవాళ్ళ కాళ్ళ మీద పడతాయి.

"ఇక్కడ పెద్దవాళ్ళు ఎలా కూర్చుంటారు?"

"మధ్య సీటు ఎక్కువగా పిల్లలకేనండీ. పెద్దవాళ్ళయినా పర్లేదు, కాస్త సర్దుకుంటే సరిపోతుంది" అంటూ ఆమె నా వెనక నుంచి ఏదో లాగింది. భుజం మీద నుంచి నడుము దాకా వచ్చే పూర్తి బెల్టు. "దీనికి కూడా మిగతావాటిలాగే ఫుల్ బెల్టిచ్చారు సార్. పెట్టుకోకపోతే బీప్ కూడా కొడుతుంది."

నాకు ఆ క్షణంలో కలిగిన నమ్మకం చెప్తే నవ్వుతారు. ఆ బెల్టు నా ఉత్తరాల వల్లే వచ్చిందనుకున్నాను. నాలుగోదానికి జవాబెందుకు రాలేదో అప్పుడు అర్థమైందనుకున్నాను. తప్పు ఒప్పుకోలేక, నోరు మూసుకుని బెల్టు పెట్టారన్నమాట. అక్కడే కూర్చుని మా అక్కకి ఫోను చేశాను.

"అక్కా, పెట్టారు! మధ్య సీటుకి బెల్టు పెట్టారు. భుజం మీద నుంచి."

"మంచిదిరా" అంది.

పాతది ఇచ్చి కొత్తది తీసుకుంటామంటే పాతదాన్ని చూడటానికి వాళ్ళ మనిషి వచ్చాడు. జుట్టు నెరిసినాయన, నెమ్మదస్తుడు. ఇంజను చూశాడు, అడుగు భాగం చూశాడు, తలుపుల అంచులు వేలితో తడిమాడు. తర్వాత వెనక తలుపు తీసి, "కవర్లు విప్పొచ్చా అండీ? అసలు సీటు ఎలా ఉందో చూడాలి" అన్నాడు. విప్పమన్నాను. చిన్న కత్తితో అంచు దారాలు తెంపి, కవరుని తోలు ఒలిచినట్టు ఒలిచాడు. పన్నెండేళ్ళుగా వెలుగు చూడని బూడిద రంగు సీటు, షోరూములో చూసినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది.

మధ్యలో, వీపూ సీటూ కలిసే సందులోంచి రెండు నల్లటి పట్టీలు. మడత పెట్టి రబ్బరుబ్యాండు వేసి ఉన్నాయి. ఆయన ముట్టుకోగానే రబ్బరు పొడి పొడిగా రాలింది. కొక్కెం మీద ప్లాస్టిక్ కాగితం కూడా తియ్యలేదు.

"ఏంటండీ, ఈ బెల్టు ఒక్కసారి కూడా వాడలేదా?" అన్నాడు.

నేను పట్టీ పట్టుకుని లాగాను. సాగింది. రెండో చివర కొక్కెంలో పెట్టాను. టక్కుమంది.

మా అక్క ఎప్పుడూ అనేది, మధ్యలో ఏదో గట్టిగా గుచ్చుకుంటోందిరా అని. చిన్న దిండు వేసుకుని కూర్చునేది. దూది గడ్డకట్టిందని చెప్పేవాణ్ణి.

"కుట్టినవాడు మోసం చేశాడు" అన్నాను. "కవరు కింద పెట్టి కుట్టేశాడు. గుడివాడే కదా, ఆ కొట్టు ఇప్పటికీ ఉంటుంది, పదండి."

మా ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపింది. నవ్వడం లేదు.

"ఆయన అడిగాడండీ. నేను అక్కడే సోడా తాగుతున్నాను. మధ్య బెల్టుకి చిల్లు పెట్టి బయటికి తియ్యాలా సార్ అని అడిగాడు. మీరే వద్దన్నారు. చిల్లు పెడితే ముడత వస్తుంది, సీటు నున్నగా ఉండాలన్నారు."

"నేనా?"

"వదినగారు కూడా ఉన్నారు. ఉంచరా, ఎప్పుడైనా అవసరపడుతుందేమో అన్నారు. మధ్యలో కూర్చునేదెవరు, కూర్చున్నా సర్దుకుంటారులే అన్నారు మీరు."

షోరూములో ఫొటో తీసినవాడి మొహం చెప్పగలను. మోపిదేవి పెళ్ళిలో నన్ను అడిగినాయన కూర్చున్న కుర్చీ చెప్పగలను. ఈ మాట మాత్రం ఎంత వెతికినా నాకు దొరకలేదు. అబద్ధం అని మా ఆవిడతో వాదించడానికి నోరు తెరిచాను. ముడత అన్న మాట దగ్గర ఆగిపోయాను. అది నా మాటే. ఇంట్లో దుప్పటి మీద కూడా ముడత ఉంటే నాకు నిద్ర పట్టదు.

అల్లుడినీ పాత కారునీ అక్కడే ఉంచి మేమిద్దరం ఆటోలో అమ్మాయి ఇంటికి వెళ్ళాం. వీధి మలుపులో మా ఆవిడ, "నెమ్మదిగా చెప్పండి" అంది.

మా అక్క వరండాలో పేపరు పరుచుకుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. ఎడమ చేత్తో కాయ పట్టుకుని కుడి చేత్తో లాగుతోంది, ఎడమ చెయ్యి తిప్పాల్సిన చోట మొత్తం భుజం తిప్పుతోంది. నేను కింద కూర్చున్నాను.

"అక్కా, పాత కారులో మధ్య బెల్టు ఉంది. కవరు కింద ఉంది."

"ఊఁ."

"నీకు తెలుసా?"

"తెలియకేం. నా ముందేగా కుట్టించావు."

"మరి నాలుగు ఉత్తరాలు రాశానే! ఒక్కసారన్నా చెప్పకూడదా? వాళ్ళ దృష్టిలో నేను వెధవనయ్యాను కదా!"

ఆవిడ చేతిలో కాయ పక్కన పెట్టింది. నాకు కోపం వస్తున్నదని నాకే తెలుస్తోంది. తప్పు నాదని తెలిసిన నిమిషంలో కూడా, చెప్పనందుకు ఆవిడ మీద వస్తోంది.

"మొదటిది రాసినప్పుడే చెబ్దామనుకున్నాన్రా" అంది. "నువ్వు చదవడం మొదలెట్టావు. మా అక్కగారు ముప్ఫై ఏళ్ళు పిల్లలకి చదువు చెప్పిన చెయ్యి, ఆ చెయ్యి ఇవాళ గ్లాసు ఎత్తలేకపోతోంది అని రాశావు. గుర్తుందా?"

గుర్తుంది.

"మీ బావ నాకు ట్రాన్స్‌ఫర్లయినప్పుడు కూడా ఒక్క అర్జీ రాసి పెట్టలా. లంకలో వేస్తే లంకకి వెళ్ళాను, ఎక్కడ వేస్తే అక్కడికి వెళ్ళాను. నా గురించి ఎవరైనా ఎవరితోనైనా పోట్లాడటం అదే చూడటం. ఆపమని ఎలా చెప్పను?" అని మళ్ళీ కాయ తీసుకుంది. "రెండోది ఇంకా బాగా రాశావు."

మా ఆవిడ గుమ్మంలో నిలబడి కొంగుతో ముక్కు తుడుచుకుంది. నేను చిక్కుడుకాయ ఒకటి తీసి ఈనె లాగాను. మధ్యలో తెగిపోయింది.

"మరి కారెక్కడం ఎందుకు మానేశావు? నా మీద కోపమా?"

"కోపమేంట్రా. భయం. పట్టుకోడానికేమీ లేదక్కడ. నీకు స్టీరింగుంది, మిగతా ముగ్గురికీ తలుపు మీద పిడులున్నాయి. నేను దేన్ని పట్టుకోను? గుంట వచ్చినప్పుడల్లా మీ ఆవిడ మోకాలు పట్టుకునేదాన్ని. పాపం ఆవిడేమీ అనేది కాదు."

"అయ్యో, గట్టిగా పట్టుకోవాల్సింది వదినగారూ" అంది మా ఆవిడ.

"గట్టిగానే పట్టుకున్నానమ్మా. ఆ రోజు నీ చీర జారింది."

ముందు వాళ్ళిద్దరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. తప్పు ఒప్పుకోవడం నాకు అలవాటు లేని పని. ఎదుటివాళ్ళ చేత ఒప్పించడమే తెలుసు. ఏదో ఒకటి అనాలని, "నాదే తప్పక్కా" అన్నాను. అది కోర్టులో సాక్షి చెప్పినట్టు వచ్చింది.

"సరేలే. కొత్తదాని సంగతి చెప్పు" అంది. "నిజం చెప్పు. కొనిపించడానికి చెప్పకు."

చెప్పాను. మధ్యలో బెల్టు గట్టిది, భుజం దాకా వస్తుంది. తలకి దన్ను కూడా ఉంది, పాతదాంట్లో లేదు. కానీ నేల మధ్యలో గట్టు జానెడెత్తు, కాళ్ళు పెట్టుకోలేవు. ఎదురుగా గాలి పెట్టె మోకాళ్ళకి తగులుతుంది. సీటు మధ్యలో బల్లలాగా గట్టిగా ఉంది. పిడి దీంట్లోనూ లేదు. ఎక్కేటప్పుడు వంగాలి.

శ్రద్ధగా వింది, ఉత్తరాలు విన్నట్టే.

"అయితే మధ్యలో నేను కూర్చోను" అంది. "కిటికీ దగ్గరయితే వస్తాను."

ఇన్నేళ్ళలో ఆవిడ నాకిది కావాలని అడగడం నేను వినలేదు. ఎవరు జరగాలో ఆలోచించాల్సిన పని కూడా పడలేదు.

"ఇప్పుడే వెళ్దాం పద" అన్నాను. "నడిపి చూడమన్నారు."

ముగ్గురం ఆటోలో షోరూముకి వెళ్ళేసరికి అల్లుడు కొత్త కారు స్టీరింగు ముందు కూర్చుని ఉన్నాడు. షోరూము ఆమె ఆయన పక్కన. నన్ను చూసి అల్లుడు దిగబోయాడు.

"మావయ్యగారూ, మీరు నడపండి. పెద్దమ్మగారూ, మీరు ముందుకు రండి."

"మీరే నడపండి. నేను వెనక కూర్చుంటాను" అన్నాను.

మా ఆవిడ ఎడమ కిటికీ దగ్గర కూర్చుంది. నేను తల వంచి, జరిగి జరిగి మధ్యలోకి వెళ్ళాను. మా అక్క కుడి కిటికీ దగ్గర తలుపు పట్టుకుని ఒక్క నిమిషం నిలబడింది. మేమెవరం రమ్మనలేదు. ముందు సంచీ లోపల పెట్టింది, తర్వాత ఒక కాలు పెట్టింది, తర్వాత కూర్చుంది. కుడి చేత్తో పైన పిడి అందుకుని, సరిగ్గా ఉందో లేదో రెండుసార్లు లాగి చూసుకుంది. బెల్టు నేను పెట్టబోతే, "నేను పెట్టుకుంటాను ఉండు" అంది. ఎడమ చెయ్యి తిరగక రెండుసార్లు తప్పింది. మూడోసారి పడింది.

గుడ్లవల్లేరు రోడ్డు మీదికి వచ్చాం. నా మోకాళ్ళు దాదాపు గడ్డానికి వచ్చాయి. మలుపు తిరిగినప్పుడల్లా ఒకసారి మా ఆవిడ మీదికి, ఒకసారి మా అక్క మీదికి ఒరుగుతున్నాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. ఎదురుగా రోడ్డు మొత్తం నా మీదికే వస్తున్నట్టుంది. మా అక్క మొదట్లో పిడి వదల్లేదు. కాలవ పక్కకి వచ్చాక అద్దం కొంచెం దించమంది. షోరూము ఆమె ఏసీ వేసి ఉందని చెప్పబోయి, వెనక్కి చూసి, ఊరుకుంది.

"ఆ వంతెన దగ్గర తిప్పేద్దాం సార్" అంది అల్లుడితో. "మాకు అక్కడిదాకే."

"అక్కడ చోటు చాలదమ్మా" అంది మా అక్క. "బస్సు ఎదురొస్తే ఇరుక్కుంటాం. కాస్త ముందుకెళ్తే రైసు మిల్లు ఉంటుంది, దాని ముందు తిప్పుకోవచ్చు."

అల్లుడు ముందుకు పోనిచ్చాడు. మిల్లు వచ్చింది. ఆయన వేగం తగ్గించాడు.

"ఇక్కడ లారీలున్నాయి బాబూ" అంది మా అక్క, బయటికి చూస్తూనే. ఎప్పుడు వదిలిందో, పిడి మీద చెయ్యి లేదు. "గుడ్లవల్లేరు సెంటర్లో అయితే బోలెడంత చోటు. పోనివ్వు, నిదానంగానే పోనివ్వు."